పెన్నీ తపాలా ప్రదాత సర్ రోలండ్ హిల్

ఉత్తరము వ్రాసికొనుట కలవారికే చెల్లిన కాలమొకటి ఇంగ్లండులో నుండెను. 1840కి పూర్వమచ్చట తపాలా రుసుము దూరమును బట్టియు, కాగితముల సంఖ్యను బట్టియు పెరుగుచుండెడిది. సాధారణముగా దానిని చెల్లించువాడు పంపినవాడు కాడు, అందుకొనువాడు. లండను నుండి ఎడింబరోకు ఒక్క కాగితపు జాబునకు షిల్లింగునకు పైగా నయ్యెడిది. దూరదేశమందున్న కుమారుని జాబు గుమ్మము ముందునకు వచ్చినను, చేత కాసు లేని తల్లి దానిని విప్పలేక తిప్పి పంపవలసినదే.

ఈ దుఃస్థితిని తొలగించిన రోలండ్ హిల్ 1795 డిసెంబరు 3న కిడెర్‌మిన్‌స్టరులో జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు, సంసారము బీదది. పన్నెండవ యేటనే హిల్ తండ్రి బడిలో పాఠములు చెప్పనారంభించెను. తరువాత బర్మింగ్‌హామ్ చెంత సోదరులతో కలిసి నడపిన హేజెల్‌వుడ్ పాఠశాలలో బెత్తమునకు తావు లేకుండెను.

1837లో ఆయన తపాలా సంస్కరణమును గూర్చి ఒక చిన్న గ్రంథమును వెలువరించెను. లెక్కలు కట్టి చూడగా, లండను నుండి ఎడింబరోకు జాబును మోయుటకగు వ్యయము పెన్నీలో ముప్పదియారవ వంతు మాత్రమే. అసలు వ్యయమంతయు రుసుమును లెక్కించుటయందును, ఇంటింట వసూలు చేయుటయందును కలుగుచుండెను. కావున దూరముతో నిమిత్తము లేక, అర్ధ ఔన్సు జాబునకు పెన్నీ చొప్పున ముందుగనే చెల్లింపవలెనని ఆయన సిద్ధాంతము.

అయితే రుసుము ముట్టినదనుటకు సాక్ష్యమేది? వెనుక జిగురు పూసిన చిన్న కాగితపు బిళ్లయే ఆ సాక్ష్యమయ్యెను. 1840 జనవరి 10న పెన్నీ తపాలా ఆరంభమయ్యెను. మే 6 నుండి నల్లని పెన్నీ బిళ్ల చెల్లుబాటయ్యెను. కూటకారులను అరికట్టుటకై దానిపై విక్టోరియా రాణి ముఖమును అతిసూక్ష్మరేఖలతో చెక్కించిరి. కాగితమున కిరీటపు నీటిగుర్తు నుంచిరి. తావునందలి 240 బిళ్లలకును అడుగు మూలలయందు వేర్వేరు అక్షరముల జతలు వేసిరి. ఒకే బిళ్లను చూచి దొంగబిళ్లలు అచ్చొత్తినచో అన్నింటిపై నవే అక్షరములు పడి గుట్టు బయటపడును. అయినను ఎఱ్ఱసిరాతో వేసిన కొట్టివేత ముద్రను కడిగి బిళ్లను మరల వాడువారు బయలుదేరిరి. అందుచే 1841లో బిళ్లను ఎఱ్ఱగను, ముద్రను నల్లగను మార్చిరి.

1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలైన జాబులు మరుసటి యేట 16 కోట్ల 90 లక్షలయ్యెను. కాని నికరాదాయము పూర్వస్థితికి వచ్చుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టెను. 1841లో ప్రభుత్వము మారెను. 1842లో హిల్‌ను కొలువు నుండి తొలగించిరి. ప్రజలు మాత్రమాయనను మరువలేదు. 13,000 పౌనుల నిధిని సమర్పించిరి. 1846లో మరల తపాలా శాఖకు వచ్చి, 1854లో దాని కార్యదర్శియై, 1860లో సర్ బిరుదమునొందెను. ఆ 1854లోనే భారతదేశమునను దూరముతో నిమిత్తము లేని అర్ధణా తపాలా నెలకొనెను. 1879 ఆగస్టు 27న హిల్ మరణింపగా వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేసిరి.

1999లో అమెరికా తపాలా శాఖ, కంప్యూటరు జాలము ద్వారా రుసుము చెల్లించి ఇంటనే తపాలా ముద్రను అచ్చొత్తుకొనుటకు అనుమతించెను. ఆ ముద్రలో తేదీ, రుసుము, వరుససంఖ్య, రహస్యలిపిలోని సంతకము ఇమిడియుండును. దానికి నకలు తీయుట సులభమే. కాని అదే ముద్ర రెండవమారు వచ్చినచో యంత్రము పసిగట్టగలదు. సాధనములు మారినను, హిల్ ఎదుర్కొన్న ప్రశ్న మారలేదు. ఒకమారు చెల్లించినది ఒకమారే చెల్లవలెను. అప్పుడే పేదవాని జాబునకును స్వల్పమైన రుసుము నిలుచును.