నోటిమాటకు నిలిచిన గురువు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, నాటికి లిపి లేని సవర భాషను ఆ జనుల నోటినుండే నేర్చుకున్నారు. వారు రచించిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

1907 ప్రాంతంలో, పాఠశాలల పర్యవేక్షకులైన యేట్సు దొర తెలుగు నేర్చుకొంటూ, పుస్తకాల భాష జనుల నోట ఏల వినబడదని ప్రశ్నించారు. ఆ ప్రశ్న పంతులుగారిని కదిలించింది. ఇంగ్లీషు బాలుడు ‘గో’కు భూతకాలం ‘వెంట్’ అనీ, ‘చైల్డ్’కు బహువచనం ‘చిల్డ్రన్’ అనీ నేర్చి, ఇంట కూడా ఆ రూపాలనే పలుకుతాడు. తెలుగు బాలుడో ‘వస్తున్నాడు’, ‘గుర్రాలు’ అని పలుకుతూ ‘వచ్చుచున్నాడు’, ‘గుఱ్ఱములు’ అని వ్రాయవలసి వచ్చేది. పలికినట్లు వ్రాస్తే తప్పు! కాలంతోపాటు రూపాలు మారడం భాషకు సహజమని పంతులుగారు వాదించారు.

స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషకు లభించిన అనుమతి పండితుల నిరసనతో రద్దయినా ఆయన వెనుదీయలేదు. 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. 1940 జనవరి 22న కీర్తిశేషులయ్యారు.

నేడు పాఠ్యపుస్తకాలు ‘వస్తున్నాడు’ అనే వ్రాస్తున్నాయి. కొన్ని సీమల బాలుడు మాత్రం ఇంట ‘వస్తున్నడు’ అంటాడు. ఆ మాటను తప్పని దిద్దబోయే ముందు ఉపాధ్యాయుడు పంతులుగారిని ఒకసారి స్మరించడం మంచిది.