త్యాగరాజ సేవలో తరించిన విద్యాసుందరి

భగవంతుని సేవించుటకంటె భాగవతుని సేవించుట మిన్న యని మన పూర్వాచార్యులు బోధించినారు. మధురకవి యాళ్వారు ఉత్తర దేశ యాత్రలో నుండగా దక్షిణ దిక్కున ఒక దివ్యజ్యోతి కనిపించినదట. దానిని వెంబడించి, ఎన్నో ఆమడలు నడచి, తిరుక్కురుగూరులో చింతచెట్టు క్రింద యోగనిష్ఠలో నున్న నమ్మాళ్వారులను దర్శించినాడు. ఆనాటినుండి ఆయనకు నమ్మాళ్వారులే దైవము. గురువు పరమపదించిన పిమ్మట వారి విగ్రహమును ప్రతిష్ఠించి, వారి పాశురములను లోకమునకు పంచుటయే తన జీవితముగా చేసికొన్నాడు. ఇది ఏనాటిదో పురాణకథ యని మనము తలంచవచ్చును. కాని గడచిన శతాబ్దములోనే, అట్టి భాగవతసేవకు తన ధనమును, కీర్తిని, చివరకు దేహమును సమర్పించిన యొక స్త్రీమూర్తి మన దక్షిణ దేశములో జీవించినారు. ఆమెయే బెంగుళూరు నాగరత్నమ్మగారు.

మైసూరు రాజ్యమునందలి నంజనగూడులో 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన ఆమె జన్మించినారు. తల్లి పుట్టులక్ష్మి దేవదాసి కులమునకు చెందినది. తండ్రి సుబ్బారావు అను న్యాయవాది. శిశువు పసితనములోనే తల్లికి ఆ యాశ్రయము తప్పిపోయినది. ఒంటరియైన ఆ తల్లి బిడ్డను చంకనెత్తుకొని మైసూరు చేరి, ఆస్థానమున సంస్కృత సంగీతములలో పండితుడుగా నున్న గిరిభట్ట తిమ్మయ్యగారి అండ చేరినది. బాలిక ఆయన యొద్ద సంస్కృతము, సంగీతము నేర్చుకొనసాగినది. ఐదవ యేటనే ఆమెను కులవృత్తిలో ప్రవేశపెట్టినారు. కాని ఆ నీడ కూడ ఎక్కువ కాలము నిలువలేదు. మరల దారి పట్టక తప్పలేదు. తల్లీబిడ్డలు బెంగుళూరు చేరి, వాయులీన విద్వాంసుడైన మేనమామ వెంకటస్వామప్పగారి ఇంట తలదాచుకొన్నారు.

ఇల్లు మారినను చదువు మానలేదు. కన్నడము, తెలుగు, ఆంగ్లము అభ్యసించినారు. నృత్యము నేర్చినారు. మునుస్వామప్పగారి యొద్ద కర్ణాటక సంగీతమును సాధన చేసినారు. ఆ మునుస్వామప్పగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారగుట గమనింపదగినది. తండ్రి పేరు చెప్పుకొనుటకు వీలులేని ఆ బాలికకు, గురుపరంపర యను వంశవృక్షము ఆవిధముగా లభించినది. దాని మూలమున కావేరీతీరమునందలి ఆ నాదయోగి యున్నాడు. ఆ సంబంధము తన జీవితమును ఎటు నడిపించునో ఆనాడు ఆమెకేమి తెలియును?

పదునైదవ యేట పండితసభలో ఆమె తొలిసారిగా వాయులీన వాదనమును, నృత్యమును ప్రదర్శించినారు. అనతికాలముననే గాయనిగా ప్రసిద్ధి కెక్కినారు. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలలో కీర్తనలు పాడుటయే గాక, హరికథలు చెప్పుటలోను ఆమెకు విశేష ప్రజ్ఞ యుండెడిది. మైసూరు ఆస్థానమున ఆదరణ లభించినది. త్రివాంకూరు, బొబ్బిలి, విజయనగర సంస్థానములలో సత్కారములు జరిగినవి. బెంగుళూరులో న్యాయమూర్తి నరహరిరావుగారు ఆమె విద్యను ఆదరించి, మద్రాసు నగరమైనచో ఆమె కళకు తగిన రంగస్థలము కాగలదని ప్రోత్సహించినారు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆమె మద్రాసులో స్థిరపడినారు.

అటుపిమ్మట ఆమె జీవితమంతయు ప్రయాణములే. సభలు, వివాహములు, దేవాలయోత్సవములు, రాజాస్థానములు. ధ్వనివర్ధకములు లేని రోజులు. వేలమంది నడుమ గంటల తరబడి గొంతెత్తి పాడవలసిన కాలము. ఆమె 146 ఊళ్ళలో 1235 కచేరీలు చేసినారని లెక్క యున్నది. మద్రాసు నగరములో ఆదాయపు పన్ను చెల్లించిన మొదటి కళాకారిణి ఆమెయే యని చెప్పుదురు. ఇల్లు వాకిళ్ళు, వెండి బంగారములు, రత్నాభరణములు సమకూరినవి. ఒకనాడు పరుల పంచన తలదాచుకొన్న బాలిక, ఎవరి చేయి చూడనక్కరలేని విదుషీమణి యైనది.

ఆమె పాండిత్యాభిమానమునకు ఒక నిదర్శనము చెప్పుకొనవలసియున్నది. తంజావూరు ప్రతాపసింహుని కొలువులో నుండిన ముద్దుపళని యను కవయిత్రి రాధాకృష్ణుల ప్రణయకలహమును రాధికాసాంత్వనము అను తెలుగు ప్రబంధముగా రచించినది. ఆ గ్రంథమును అంతకు పూర్వము అచ్చువేసినవారు అందులో కొన్ని పద్యములను, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న భాగమును విడిచిపెట్టిరి. నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, శ్రమించి పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా సమగ్రముగా ప్రకటింపజేసినారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వంటి పెద్దలు ఆ కావ్యమును గర్హించియుండిరి. మరుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని నిషేధించినది. స్త్రీ వ్రాసినందుననే యీ యాక్షేపణ యని ఆమె నిర్భయముగా వాదించినారు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న కాలములో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ కావ్యముపై ఎవరి యభిప్రాయము ఎట్లున్నను, మరుగుపడిన వారిని వెలుగులోనికి తెచ్చుట ఆమె స్వభావములోనే యున్నదని దీనివలన తెలియుచున్నది.

1921వ సంవత్సరము. ఆమెకు నలుబది రెండేండ్లు దాటినవి. మైసూరునుండి బిడారం కృష్ణప్పగారు వ్రాసిన యుత్తరము వచ్చినది. ఆయన ఆమెకు గురుస్థానీయుడు, మహాగాయకుడు. ఆయన తిరువయ్యారు వెళ్ళి త్యాగరాజస్వామి సమాధిని దర్శించి, దాని దురవస్థ చూచి దుఃఖించి ఆ జాబు వ్రాసినారు. 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, స్వామి సిద్ధి పొందినారు. అంతకు ముందే సన్న్యాసము స్వీకరించియుండుటచే కావేరీతీరమున వారికి సమాధి యేర్పడినది. తరువాత శిష్యపరంపరలోనివారు కొందరు దానిని బాగుచేయించినను, మరల అది నిరాదరణకు గురియైనది. లోకమంతయు వారి కీర్తనలు పాడుచున్నది. వాటిని పాడి గాయకులు ధనము గడించుచున్నారు. ఆ కీర్తనల నిచ్చినవారి విశ్రాంతిస్థలమున దీపము పెట్టు దిక్కు లేదు.

ఆ యుత్తరము ఆమె హృదయమును కదలించివేసినది. ఇంతకాలము తాను పొందిన సత్కారములు, తొడిగిన ఆభరణములు, నిలుపుకొన్న ఇల్లు, ఇవి యన్నియు ఎవరి భిక్ష? ఉంఛవృత్తితో జీవించి, రాజు పిలిచినను ధనము నాశింపని ఆ మహానుభావుని కీర్తనలు పాడియే గదా ఇంతటిదాన నైతిని అను తలంపు ఆమెకు కలిగియుండును. వెంటనే తిరువయ్యారు బయలుదేరినారు. సమాధి చుట్టునున్న భూమిని సంపాదించుటకు అధికారుల చుట్టు తిరిగినారు. ఆ సంవత్సరము అక్టోబరులోనే శంకుస్థాపన జరిగినది. ఇతరుల విరాళములకై ఎదురుచూడక, తాను గడించిన ధనమునే వెచ్చించినారు. కచేరీలు చేసినకొలది ధనము వచ్చుచున్నది. వచ్చినకొలది అది కావేరియొడ్డున ఇటుకలుగాను, రాళ్ళుగాను మారుచున్నది. 1925వ సంవత్సరము జనవరిలో ఆలయమునకు కుంభాభిషేకము జరిగినది. త్యాగరాజస్వామి విగ్రహము ప్రతిష్ఠితమైనది. ఆనాటినుండి ఆ స్థలము నిత్యపూజలందు దేవాలయమైనది. స్వామివారి అష్టోత్తర శతనామావళిని ఆమెయే సంస్కృతములో కూర్చినారు.

ఇక్కడ ఆమె జీవితములోని గొప్ప పరీక్ష యెదురైనది. ఆరాధనోత్సవములు అప్పటికే పెరియ కచ్చి, చిన్న కచ్చి అను రెండు పక్షములుగా చీలి జరుగుచుండెడివి. రెండింటిలోను స్త్రీలకు పాడుటకు అర్హత లేదు. అందును దేవదాసి కులమున పుట్టినవారి మాట చెప్పనక్కరలేదు. గుడి కట్టించినది ఆమె. దీపము వెలిగించినది ఆమె. ఆ గుడిలో స్వామి సన్నిధిని ఒక్క కీర్తన పాడుటకు మాత్రము ఆమెకు అనుమతి లేదు.

అట్టి యవమానము కలిగినపుడు సామాన్యులు ఏమి చేయుదురు? కోపించి తలుపులు మూయింపవచ్చును. స్థలము తనది గదా. లేదా విరక్తితో వెనుదిరిగి పోవచ్చును. ఆమె ఈ రెండును చేయలేదు. స్త్రీలను కూడగట్టి మూడవ పక్షమును నెలకొల్పినారు. దానికి పెణ్గళ్ కచ్చి, అనగా స్త్రీల పక్షమని పేరు. పురుషులు సన్నిధికి ఎదుట పాడుచుండగా, వీరు గుడికి వెనుకవైపున కూర్చుండి పాడి ఆరాధనము జరిపినారు. హరికథలు, కచేరీలు, పూజలు, అన్నియు స్త్రీలచేతనే నడిచినవి. స్వామికి ముందు వెనుకలు ఉన్నవా? నాదమునకు గోడ అడ్డమా? తిరుప్పాణాళ్వారు కావేరికి ఆవలి గట్టుననే నిలిచి శ్రీరంగనాథుని గానము చేయలేదా? ఆయనను లోకసారంగ మునిచేత భుజములపై మోయించి తన సన్నిధికి రప్పించుకొన్నవాడు ఆ రంగనాథుడే గదా!

త్యాగరాజస్వామి తిరుమల వచ్చినపుడు శ్రీవారి సన్నిధిలో తెర వేసియుండెననియు, స్వామి ఆర్తితో గానము చేయగా ఆ తెర తనంత తానే తొలగెననియు పెద్దలు చెప్పుదురు. నాగరత్నమ్మగారి ముందున్న తెర అంత సులభముగా తొలగలేదు. పుష్య బహుళ పంచములు పదింటికి పైగా గడచిపోయినవి. ఆమె వాదించినారు, విన్నవించినారు, పాడినారు. తుదకు 1941లో పక్షము లన్నియు ఏకమై ఒక్కటే ఉత్సవము జరుపుటకు అంగీకారము కుదిరినది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మున్నగు విద్వాంసులు, ఎస్. వై. కృష్ణస్వామి అను అధికారి ఈ సమైక్యతకు కృషి చేసినారు. స్త్రీలు సన్నిధిలో పాడుటకు హక్కు లభించినది. అప్పటికి ఆమె అరువది యేండ్లు దాటిన వృద్ధురాలు.

తరువాతి జీవితమంతయు తిరువయ్యారే. మద్రాసులోని వైభవమును విడిచి, సమాధికి చేరువలోనే నివసించినారు. ఒకనాటి రత్నాభరణముల స్థానమున తులసిమాలయే మిగిలినది. సన్నిధిని శుభ్రపరచుట, దీపము పెట్టుట, పాడుట, ఇవే ఆమె దినచర్య. తెలుగువాడైన చిత్తూరు నాగయ్యగారు 1946లో వెలువడిన త్యాగయ్య చిత్రమును నిర్మించి, స్వామి పాత్రను తాదాత్మ్యముతో నటించి, యాత్రికుల కొరకు తిరువయ్యారులో త్యాగరాజ నిలయమును కట్టించినది ఆ కాలములోనే. స్వామి తెలుగులో పాడిన పాటను కన్నడదేశపు బిడ్డ తమిళదేశములో గుడిగా నిలిపినది. తెలుగునటుడు ఆ గుడికి వచ్చువారికి నీడ కల్పించినాడు. భక్తికి భాషల సరిహద్దులు లేవనుటకు ఇంతకన్న తార్కాణ మేమి కావలయును?

తన యనంతరము సేవ ఆగరాదని ఆమె వీలునామా వ్రాసి, మిగిలిన యాస్తినంతను ధర్మనిధిగా ఏర్పాటు చేసినారు. ఆ సన్నిధిలో పాడుటకును, పూజించుటకును స్త్రీలకు, దేవదాసి కులమువారికిని గూడ, ఏనాడును ఆటంకము కలుగరాదని అందులో నియమము చేసినారు. తాను దాటిన గడపను మరల ఎవరును మూయకుండ గడియ తీసిపెట్టి వెళ్ళినారు. 1952వ సంవత్సరము మే 19వ తేదీన, డెబ్బది మూడేండ్ల వయస్సున, తిరువయ్యారులోనే ఆమె దేహము చాలించినారు. లోకము ఆమెను విద్యాసుందరి యనియు, త్యాగసేవాసక్త యనియు గౌరవించినది. స్వామి సమాధికి అభిముఖముగా ఆమెకును సమాధి నిర్మించి, విగ్రహమును నిలిపినారు. స్వామికి వెనుకవైపున కూర్చుండి పాడిన ఆమె, నేడు శాశ్వతముగా స్వామికి ఎదుట కూర్చుండి దర్శించుచున్నారు.

ఏటేట పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో స్త్రీపురుషులు వందల సంఖ్యలో ఒక్కచోట కూర్చుండి ముక్తకంఠముతో పంచరత్న కీర్తనలు గానము చేయుచున్నారు. మన యిండ్లలోను ఆనాడు పిల్లలచేత స్వామి కీర్తన యొకటి పాడింతుము. అట్లు పాడించునపుడు ఈ తల్లి కథను కూడ వారికి చెప్పుట మంచిది. ఒక పాటను విని యానందించినవారు ఎందరో యుందురు. ఆ యానందమునకు తాము ఋణపడియున్నామని గుర్తించి, ఆ ఋణమును తీర్చుటకై సర్వస్వమును సమర్పించినవారు అరుదు. తిరువయ్యారు యాత్రకు వెళ్ళిన భక్తులు స్వామి సన్నిధిలో నమస్కరించిన పిదప ఒక్కసారి వెనుకకు తిరిగి, ఎదుట ముకుళిత హస్తములతో నున్న ఆ మాతృమూర్తికి కూడ అంజలి ఘటించుట మరువరాదు. భాగవతసేవ చేసినవారికి చేసిన నమస్కారము భగవంతునికే చేరునని గదా మన పెద్దల మాట.