చివరి ఘడియల్లో తోడు: డేమ్ సిసిలీ సాండర్స్

మే 12 వచ్చిందంటే మా నర్సులందరికీ పండగే. ఫ్లోరెన్స్ నైటింగేల్ ని తలచుకుని దీపాలు వెలిగిస్తాం. ఈసారి ఆవిడ స్థాపించిన స్కూల్లోనే చదువుకున్న మరో మహాతల్లి గురించి మన తెలుగువారికి చెప్పాలనిపించింది. ఆవిడే సిసిలీ సాండర్స్.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక నైట్ డ్యూటీలో ఓ పెద్దాయన ఆఖరి దశలో ఉన్నారు. ఇక చేసేదేమీ లేదని అందరూ తేల్చేశారు. ఆయన నా వైపే చూస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక, పని ఉన్నట్టు నటించి పక్క వార్డుకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన లేరు. ఇంజెక్షన్ చేయడం నేర్పారు గానీ, పోయే మనిషి పక్కన ఎలా ఉండాలో మాకెవరూ నేర్పలేదు. ఆ బాధ ఖతార్ దాకా నాతోనే వచ్చింది.

సిసిలీ 1918లో లండన్ దగ్గర బార్నెట్ లో పుట్టారు. ఆక్స్ ఫర్డ్ చదువు మధ్యలో ఆపి, 1940లో యుద్ధం రోజుల్లో నర్సింగ్ లో చేరారు. నడుము నొప్పి వల్ల ఆ పని మానుకుని, ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అయ్యారు. అక్కడే డేవిడ్ టాస్మా అనే పోలెండ్ శరణార్థి పరిచయమయ్యాడు. కేన్సర్ రోగి, అయినవాళ్ళెవరూ దగ్గర లేని పరదేశి. గల్ఫ్ లో ఉన్న మనకి ఆ ఒంటరితనం గురించి వేరే చెప్పాలా! ఇలాంటివారి కోసం ఒక ఇల్లు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతను చనిపోతూ, ఆ ఇంటికి తన గుర్తుగా ఒక కిటికీ ఉండాలని 500 పౌండ్లు ఆవిడకి వదిలి వెళ్ళాడు.

డాక్టర్ అయితేనే మాట చెల్లుతుందని ఒక సర్జన్ సలహా ఇస్తే, 33వ ఏట మెడిసిన్ లో చేరి 1957లో పట్టా పుచ్చుకున్నారు. అప్పట్లో రోగి నొప్పితో అరిస్తే గానీ మందు ఇచ్చేవారు కాదు. ఆవిడ నొప్పి తిరగబెట్టకముందే, గడియారం చూసి మార్ఫిన్ ఇప్పించారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ, కుటుంబానికీ, ఆత్మకీ ఉంటుందని బోధించారు. 1959లో నర్సుల కోసం నర్సింగ్ టైమ్స్ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. 1967లో లండన్ లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. టాస్మా కిటికీ అక్కడుంది. 2005 జూలై 14న, 87వ ఏట, ఆవిడ అక్కడే కన్నుమూశారు.

ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాట్ కి సెలవురోజు సాయంత్రం నర్సింగ్ చదివే మన పిల్లలు నలుగురైదుగురు వస్తుంటారు. టీ తాగుతూ వాళ్ళకి ఇవే చెప్తాను. మంచం పక్కన నిలబడకండి, కుర్చీ లాక్కుని కూర్చోండి. నొప్పి ఉందా అని మీరే అడగండి. ఎండిన పెదవుల్ని తడి దూదితో తుడవండి. మనవాళ్ళు తులసి తీర్థం పోస్తామంటే కాదనకండి. కానీ మింగలేని స్థితిలో పోస్తే పొరపోతుంది, పెదవులకి తడి అద్దితే చాలని నెమ్మదిగా చెప్పండి. ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళు ఫోన్ లో మాట్లాడతామంటే ఆయన చెవి దగ్గర పెట్టండి. ఏం మాట్లాడాలో తోచకపోతే చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చోండి.

ఆ రాత్రి నాకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే, ఆ పెద్దాయన ఒంటరిగా వెళ్ళేవారు కాదు. మన పిల్లలైనా అలా పారిపోకూడదనే నా తాపత్రయం.