ఓంకారాన్ని అందరికీ పంచిన మలయాళ స్వామి

ఏర్పేడు: రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి రైలులో గానీ బస్సులో గానీ వెళ్ళేవారికి ఏర్పేడు వ్యాసాశ్రమం పేరు కొత్త కాదు. దాన్ని 1926లో స్థాపించిన మలయాళ స్వామి వారి పటానికి దండ వేసి దణ్ణం పెట్టుకునేవారు మన వైపు ఎందరో ఉన్నారు. అయితే ఆ స్వామి పండితులతో ఏ విషయం మీద తగవు పడ్డారో ఎరిగినవారు తక్కువ. ఆ తగవు ఒక్క అక్షరం గురించి. ఓంకారాన్ని ఎవరు పలకవచ్చు, ఎవరు పలకరాదు అన్నదే ఆ తగవు.

స్వామివారి అసలు పేరు వేలప్ప. 1885లో కేరళలో గురువాయూరుకు దగ్గరగా ఉన్న ఎంగండియూరు గ్రామంలో ఒక బ్రాహ్మణేతర కుటుంబంలో జన్మించారు. ఆనాటి మలయాళ దేశంలో కులం పట్టింపు మన వైపు కంటే ఘోరం. మన వైపు ముట్టుకుంటే మైల అనేవారు. అక్కడ ఫలానా కులం వాడు ఇన్ని అడుగుల దూరంలో నిలబడాలని కొలత కూడా ఉండేది. గురువాయూరు కృష్ణుడి గుడి ఎదురుగా కనబడుతున్నా, ఈళవులు మొదలుకొని వారికంటే కింద అనిపించుకున్న కులాల వారెవరికీ లోపల అడుగుపెట్టే వీలు లేదు. ఈళవులంటే కొబ్బరి తోటల్లో పనిచేసుకుంటూ, కల్లు గీసుకుంటూ, సేద్యం చేసుకుంటూ బతికే కులం. మన గీత కులాల వంటివారనుకోవచ్చు.

ఆ ఈళవ కులంలోనే నారాయణ గురువు పుట్టారు. 1888లో శివరాత్రి నాడు అరువిప్పురం అనే చోట నెయ్యార్ నదిలోంచి ఒక రాయిని పైకి తీసి శివలింగంగా ప్రతిష్ఠించారు. దేవుణ్ణి ప్రతిష్ఠించే అధికారం బ్రాహ్మణులకే ఉందని అందరూ నమ్మే రోజుల్లో చేసిన పని అది. ఆ నారాయణ గురువుకు తొలి శిష్యుడు శివలింగ స్వామి. వేలప్పకు వేదాంతం నేర్పిన గురువు ఈ శివలింగ స్వామే. అంటే మన ఏర్పేడు ఆశ్రమానికి వేరు అరువిప్పురంలో ఉన్నదన్న మాట.

వయసు వచ్చాక వేలప్ప ఇల్లు విడిచి దేశమంతా కాలినడకన తిరిగారు. చివరికి తిరుమల కొండ చేరి గోగర్భం వద్ద ఏళ్ళ తరబడి తపస్సు చేశారు. కొండకు వచ్చిపోయేవారు మలయాళ దేశపు స్వామి అని పిలవగా ఆ పేరే నిలిచిపోయింది. అసంగానంద గిరి అన్న సన్యాసాశ్రమ నామం చాలా మందికి తెలియదు.

తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా కష్టపడి నేర్చుకుని, శాస్త్ర చర్చ చేయగలిగినంత తెలుగులో 'శుష్క వేదాంత తమోభాస్కరము' అనే పెద్ద గ్రంథం రాశారు. అంతా బ్రహ్మమే అని నోటితో పలుకుతూ నడవడిలో ఆ మాటకు చోటివ్వని వారి వేదాంతం ఎండు వేదాంతమని, అది చీకటి వంటిదని ఆయన వాదం. పేరు బరువుగా ఉన్నా అందులో సంగతి పల్లెటూరి వాడికి కూడా అందుతుంది. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని పురాణంలో చెప్పి, పురాణం ముగియగానే కులాన్ని బట్టి దూరంగా కూర్చోమనే పెద్దమనుషులను మనం ఎరగమా?

ఓంకారం గొడవ ఇక్కడే వచ్చింది. స్త్రీలు, శూద్రులు ప్రణవం పలకకూడదనీ, ఉపనిషత్తులు చదవకూడదనీ పండితుల మాట. భక్తి చేసుకోండి, నామం చెప్పుకోండి, ఓంకారం జోలికి రావద్దు అన్న కట్టుబాటు అది. స్వామి దాన్ని ఒప్పుకోలేదు. ఎదురుపడిన పండితులతో శాస్త్రం పుచ్చుకునే వాదించారు. బ్రహ్మజ్ఞానానికి కావలసింది వైరాగ్యం, మనసు అదుపు, తెలుసుకోవాలన్న తపన. అవి ఉన్నవాడు ఏ కులంలో పుట్టినా అర్హుడే అన్నారు. బ్రాహ్మణుడు కానివాడు సన్యాసం పుచ్చుకోవడమే తప్పు, పైగా గురుపీఠం మీద కూర్చోవడమా అని ఆయనను ఆక్షేపించినవారికి కొదవ లేదు. ఆయన సభలు పెట్టడం మానలేదు. సనాతన వేదాంత జ్ఞాన సభల పేరుతో ఊరూరా తిరిగి చెప్పారు.

మొదటి నుంచీ నాకు ముఖ్యంగా తోచే సంగతి ఒకటుంది. ఆశ్రమానికి ఎందరో ఋషుల పేర్లు ఉండగా వ్యాసుడి పేరు పెట్టారు. వ్యాసుడు ఎవరు? పడవ నడిపే బెస్త పిల్ల సత్యవతి కొడుకు. వేదాలను విభజించినవాడు, మహాభారతం చెప్పినవాడు ఆ తల్లి కడుపున పుట్టాడు. తండ్రి ఎవరో తెలియని సత్యకామ జాబాలుణ్ణి, నిజం చెప్పాడన్న ఒక్క గుణం చూసి గురువు చేరదీసిన కథ ఛాందోగ్యంలో ఉంది. రాజసభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నలతో నిలదీసిన గార్గి ఆడమనిషే. ఇవన్నీ పండితుల ఇళ్ళలోని పుస్తకాల్లో ఉన్నవే. మూతవేసిన ఆ పుస్తకాలను తెరవడమే స్వామి చేసిన పని.

వేదపాఠశాలల్లో బ్రాహ్మణ బాలురకే చోటున్న కాలంలో వ్యాసాశ్రమంలో కులభేదం లేకుండా పిల్లలకు సంస్కృతం చెప్పారు. ఆడవారికి కూడా ఉపనిషత్తులు, గీత బోధించారు. ఆ రోజుల్లో సంస్కృతం వస్తే పాఠశాలల్లో పండిత ఉద్యోగానికి దారి దొరికేది. కాబట్టి ఆ చదువు మోక్షానికే కాదు, బతుకు తెరువుకూ పనికివచ్చేది. తరతరాలుగా ఒక ఇంట్లోనే తిరిగిన విద్య రైతుల ఇళ్ళలోకి, కూలినాలి చేసుకునేవారి ఇళ్ళలోకి వచ్చిందంటే చిన్న సంగతి కాదు.

స్వామివారు ఏర్పేడులో ఉండగానే, ఆయన పుట్టిన ఊరి పక్క గురువాయూరు గుడి ముందు 1931లో సత్యాగ్రహం మొదలైంది. మరుసటి సంవత్సరం కేలప్పన్ గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. గాంధీ మహాత్ముడి కోరికపై దీక్ష విరమించారు కానీ గుడి తలుపులు తెరుచుకోలేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకనే అక్కడా, మన చిత్తూరు జిల్లాలోనూ అన్ని కులాల వారు గుళ్ళలోకి వెళ్ళే హక్కు పొందారు. వేలప్పగా ఇల్లు విడిచిన ఆయనకు అప్పటికి 62 ఏళ్ళు.

స్వామి మార్గం వేరు, అంబేద్కర్ గారి మార్గం వేరు. శాస్త్రాల్లోనే కులానికి వేరు ఉందని చెప్పి అంబేద్కర్ గారు 1956లో నాగపూరులో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. శాస్త్రాన్ని సరిగా చదివితే కులం నిలవదని మలయాళ స్వామి నమ్మారు. ఎవరి మాట నిజమని అడిగితే, మన ఊళ్ళు చూస్తే స్వామి మాట సగమే నెగ్గిందనిపిస్తుంది. భజన గుడిలో ఓంకారం ఇప్పుడు ఎవరైనా పలుకుతున్నారు, ఎవరూ వద్దనడం లేదు. కానీ ఎన్నో ఊళ్ళలో శ్మశానాలు నేటికీ వేరువేరు. పిల్ల పెళ్ళి మాట వస్తే వేదాంతి ఇంట్లో కూడా మొదట అడిగేది కులమే. ఆయనను కొలిచే భక్తులలో కూడా ఇది లేదని చెప్పలేం. ఆయన చదువు తలుపు తెరిచారు. వీధి తలుపు తెరవవలసిన బాధ్యత ఊరి వారిదే.

ఆయన శిష్యులలో పేరు పొందినవారు విద్యాప్రకాశానంద గిరి స్వామి. బందరులో జన్మించి, గురువు దగ్గర వేదాంతం నేర్చి, 1950లో శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమం స్థాపించారు. ఆయన రాసిన 'గీతా మకరందం' తెలుగునాట చాలా మంది చదివారు.

మలయాళ స్వామి 1962 జూలై 12న తమ 77వ ఏట సమాధి చెందారు. వ్యాసాశ్రమంలోనే ఆయన సమాధి మందిరం ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఏర్పేడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది.