బడికి వెళ్ళని చరిత్రకారిణి: భండారు అచ్చమాంబ

తెలుగులో స్త్రీల చరిత్రను పుస్తకంగా రాసిన తొలి రచయిత్రి భండారు అచ్చమాంబ. ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు. చదివినదంతా ఇంట్లోనే. అదీ సొంత ఊళ్ళో కాదు. భర్త ఉద్యోగం కోసం వెళ్ళిన పరాయి ప్రాంతంలో, చుట్టూ వేరే భాషలు మాట్లాడేవాళ్ళ మధ్య. అమ్మానాన్నల బదిలీలతో ఊళ్ళు మారే మనకు ఆమె జీవితం బాగా దగ్గరగా అనిపిస్తుంది.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఈ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. ఆమెకు ఆరేళ్ళప్పుడు తండ్రి చనిపోయారు. పదేళ్ళకు మేనమామ భండారు మాధవరావుతో పెళ్ళి జరిగింది. ఆయన మధ్య పరగణాలలో, అంటే నాగపూర్ వైపు, ఇంజనీరుగా పనిచేసేవారు. అచ్చమాంబతో పాటు తల్లి, తమ్ముడు లక్ష్మణరావు కూడా అక్కడికి వెళ్ళారు.

టాటానగర్‌లో ముంబయి వైపు రైలెక్కితే రూర్కెలా, బిలాస్‌పూర్, రాయ్‌పూర్ దాటాక నాగపూర్ వస్తుంది. అచ్చమాంబ బతికిన ఊళ్ళు ఈ దారిలోనే ఉన్నాయి. అప్పటికి మన జంషెడ్‌పూర్ లేదు. సాక్చి ఒక చిన్న పల్లె. ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు 1919లో వచ్చింది.

నాగపూర్‌లో తమ్ముడు బడికి వెళ్ళేవాడు. అతను ఇంట్లో పాఠాలు చదువుకునేటప్పుడు అక్క పక్కన కూర్చునేది. అలా తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆడపిల్లకు చదువెందుకని పెద్దలు గట్టిగా నమ్మిన కాలమది. ఆమె అక్కడితో ఆగలేదు. మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలు చదవడం అలవాటు చేసుకుంది. సంస్కృతం, ఇంగ్లీషు కూడా కొంత నేర్చింది. ఊరు మారితే భాష పోతుందని మనం భయపడతాం. అచ్చమాంబ ఊరు మారడం వల్ల కొత్త భాషలు సంపాదించుకుంది, తెలుగును మాత్రం వదల్లేదు.

ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నతనంలోనే చనిపోయారు. ఆ దుఃఖంలోనూ ఆమె దిక్కులేని పిల్లలను ఇంట్లో ఉంచుకుని పెంచారు, చదివించారు.

ఆ రోజుల్లో స్త్రీలు సహజంగానే బలహీనులని, తెలివి తక్కువవాళ్ళని, చదివితే చెడిపోతారని కొందరు వాదించేవారు. అచ్చమాంబ వాళ్ళతో ఊరికే వాదనకు దిగలేదు. ఆధారాలు వెతికారు. పలు భాషల పుస్తకాలు చదివి, మన దేశంలో పాండిత్యంతో, ధైర్యంతో, పరిపాలనతో పేరు తెచ్చుకున్న స్త్రీల చరిత్రలు సేకరించారు. అదే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. మొదటి భాగం 1901లో వచ్చింది. అందులో ఖనా కథ కూడా ఉంది. ఖనా ఎవరో మీ తరగతిలోని బెంగాలీ మిత్రులను అడగండి. వానలు, పంటల గురించి ఖనా పేరుతో బెంగాల్‌లో ప్రచారంలో ఉన్న మాటలు వాళ్ళ ఇళ్ళలో పెద్దలకు తెలిసే ఉంటాయి.

1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. అదే సంవత్సరం ‘ధన త్రయోదశి’ అనే కథ రాశారు. తెలుగులో తొలి కథల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. వేదకాలపు, పురాణాల స్త్రీల గురించి, విదేశీ స్త్రీల గురించి కూడా భాగాలు రాయాలనుకున్నారు. ఆ పని పూర్తికాకముందే 1905 జనవరిలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. ఆమె పక్కన పాఠాలు చదివిన తమ్ముడే తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం నడిపిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

ఈ జీవితాన్ని పిల్లలకు ఎలా చెప్పాలా అని ఆలోచించి మేము ఇంట్లో ఒక ఆట తయారుచేశాం. 1874 నుంచి 1905 వరకు లెక్కపెడితే 32 సంవత్సరాలు. పాత క్యాలెండర్ వెనుక వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసల గళ్ళు గీశాం. గడికో సంవత్సరం. నాలుగు గవ్వలు, కాయలుగా చింతగింజలు. వైకుంఠపాళిలాగే నిచ్చెనలు, పాములు పెట్టాం. అయితే రెండు నియమాలు మార్చాల్సి వచ్చింది.

మొదటిది నిచ్చెన గురించి. గవ్వలు పడ్డాయని ఊరికే ఎక్కకూడదు. ఆ గడి గురించి తెలుగులో ఒక వాక్యం చెప్పాలి. అచ్చమాంబకు చదువు అదృష్టంతో రాలేదు కదా! రెండోది పాము గురించి. పాత వైకుంఠపాళిలో పాము అంటే పాపం. తండ్రి పోవడం, పిల్లలు పోవడం అచ్చమాంబ చేసిన పాపాలా? కాదు. అందుకని మా ఆటలో పాము కరిస్తే కాయ కిందికి పోదు, ఒక వంతు ఆట మాత్రం ఆగుతుంది. ఆమె కూడా దుఃఖంతో ఆగారేమో గాని, నేర్చుకున్నది పోగొట్టుకోలేదు.

గళ్ళు నింపుతుంటే ఇంకో సంగతి తెలిసింది. చాలా గళ్ళు ఖాళీగా మిగిలాయి. రాజుల జీవితాలు రాసినంత వివరంగా స్త్రీల జీవితాలు ఎవరూ రాసిపెట్టరు. అచ్చమాంబ పుస్తకం రాయడానికి కారణం కూడా ఆ ఖాళీయే. మిగిలిన గళ్ళలో పిల్లలు ఆ సంవత్సరాల్లో జరిగిన వేరే సంగతులు రాశారు. 1875లో బిర్సా ముండా పుట్టుక, 1885లో కాంగ్రెస్ స్థాపన, 1891లో నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు రైలుమార్గం పూర్తికావడం, 1900లో రాంచీ జైలులో బిర్సా మరణం, 1904లో జంషెడ్‌జీ టాటా మరణం. బిర్సా, అచ్చమాంబ ఇంచుమించు ఒకే వయసువాళ్ళని పలకమీద చూశాకే పిల్లలకు తట్టింది. తేదీలు బట్టీపట్టి ఉంటే అది తట్టేది కాదు.

పిల్లలూ, ఈ ఆటకు డబ్బు అక్కర్లేదు. బదిలీ వస్తే చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఈ సెలవుల్లో మీరు మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఒక పటం గీయండి. పుట్టిన సంవత్సరం, బడి మానేసిన సంవత్సరం, మొదటిసారి రైలెక్కిన సంవత్సరం ఆవిడనే అడగండి. ఫోనులోనైనా సరే, తెలుగులోనే అడగండి. ఆవిడ చెప్పకపోతే ఆ గళ్ళు ఖాళీగానే ఉండిపోతాయి.