సీటొచ్చింది.. స్కాలర్‌షిప్ రాలేదు!

విదేశీ యూనివర్సిటీలకు అప్లై చేసినవాళ్లకి ఫిబ్రవరి నుంచి మే దాకా కంటి మీద కునుకుండదు. పొద్దున లేవగానే మెయిల్, పడుకునే ముందు మెయిల్. అడ్మిట్ వస్తుందా అన్నది ఒక టెన్షన్. వచ్చాక ఫండింగ్ ఇస్తారా అన్నది ఇంకో టెన్షన్. వందేళ్ల కిందట మన భీమవరం కుర్రాడొకరు సరిగ్గా ఇదే పరిస్థితిలో ఉన్నారు. హార్వర్డ్‌లో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ మాత్రం రాలేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన కనిపెట్టిన మందుల గురించి స్కూల్లోనే చదువుకుని ఉంటారు. వాటికి ముందు ఆయన ఎదురుచూసిన ఏళ్ల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఇప్పుడు మీకు పనికొచ్చేవి ఆ ఏళ్లే.

మెట్రిక్ మూడోసారికి..

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద మొదట్లో ఆసక్తి లేదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బాగా సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మ వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఇంకో దెబ్బ తగిలింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి నచ్చలేదు. చివరికి సుబ్బారావు చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా ఒక మెట్టు తక్కువైన ఎల్‌ఎంఎస్. మద్రాస్ మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు. అక్కడా దక్కలేదు.

ఇలాంటప్పుడు ఇంట్లో కూర్చుని బాధపడటం చాలా తేలిక. ఆయన మాత్రం మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కాలేజీలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు. కోరుకున్న ఉద్యోగం కాకపోయినా మందులకు, మనిషి శరీరానికి దగ్గరగా ఉండే పని అది. చూపు మాత్రం పరిశోధన మీదే. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సొంత అన్నదమ్ములు చనిపోవడం ఆయన మనసులోంచి పోలేదు.

రెండు ఉత్తరాలు వేరు

హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ప్రవేశం దొరికింది. డబ్బు సాయం దొరకలేదు. అడ్మిషన్ ఇచ్చే ఉత్తరం వేరు, డబ్బిచ్చే ఉత్తరం వేరు. మొదటిది వస్తే రెండోది దానంతటదే వస్తుందని అనుకోకూడదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాటిచ్చింది. మిగతా డబ్బు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చారు. అలా పోగుచేసిన డబ్బుతో 1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టారు.

ఎల్‌ఎంఎస్ డిగ్రీతో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. పగలు క్లాసులు, రాత్రి ఆసుపత్రిలో పోర్టర్ ఉద్యోగం. రోగుల మలమూత్రాల పాత్రలు కడగటం కూడా అందులో భాగమే. డాక్టరు చదువు పూర్తిచేసినవాడు ఆ పని చేశాడంటే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కోర్సు మాత్రం ఆగలేదు. డిప్లొమా తర్వాత హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

నీలిరంగు చెప్పిన రహస్యం

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఐడియా సింపుల్. రసాయనాలు కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావ్ మెథడ్ పేరు వినిపిస్తుంది. ఆ కొలతే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని పట్టించింది. 1929లో ఏటీపీ కూడా దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయన్ని పర్మనెంట్ చేయలేదు. 1940లో అక్కణ్నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్లిపోయారు. పెద్ద పనులన్నీ ఆ తర్వాతివే. ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. సొంతవాళ్లని మింగిన స్ప్రూకి అది మందైంది. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ని మొదటిసారి కొంతకాలమైనా అదుపు చేయగలిగారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకి మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబులో పుట్టిందే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన గుండెపోటుతో పోయారు.

కట్టిన మూల్యం

స్ఫూర్తి కథల్లో సాధారణంగా దాటేసే సంగతి ఒకటుంది. 1922లో వెళ్లిన సుబ్బారావు మళ్లీ ఇండియా రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పసితనంలోనే చనిపోయాడు, ఆ బిడ్డని ఆయన చూడనే లేదు. పట్టుదల గొప్పదే. కానీ దాని బిల్లు ఇంట్లోవాళ్లు కూడా కట్టారు. లోన్ తీసుకుని వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మరి మనం ఏం చేయాలి?

ఆఫర్ లెటర్ రెండుసార్లు చదవండి. ఇచ్చేది ఫీజు మినహాయింపా, స్టైపెండ్ కూడా ఉందా? మొదటి ఏడాదికేనా, కోర్సు మొత్తానికా? స్పష్టంగా లేకపోతే డిపార్ట్‌మెంట్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. అడిగితే సీటు పోదు.

ఏప్రిల్ 15 గుర్తుపెట్టుకోండి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఫండింగ్ ఆఫర్ ఇచ్చినవాళ్లకి జవాబు చెప్పడానికి ఆ తేదీ దాకా టైమ్ ఇస్తాయి. ఇతరులు వదులుకున్న ఆఫర్లు ఆ చుట్టుపక్కల రోజుల్లో మిగతావాళ్ల వైపు కదిలే అవకాశం ఉంటుంది. మార్చిలో రాకపోతే కథ అయిపోయినట్టు కాదు.

పార్ట్‌టైమ్ ధీమాతో విమానం ఎక్కకండి. సుబ్బారావు రోజులు వేరు. ఇప్పుడు ఎఫ్-1 వీసా మీద వెళ్తే, క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటల వరకే పనికి అనుమతి. దాంతో ఫీజులు తీరవు.

ఈలోగా సబ్జెక్టుకి దగ్గరగా ఉండే ఏదో ఒక పని పట్టుకోండి. చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ కావచ్చు, మీ కాలేజీ ల్యాబులో అసిస్టెంట్ పని కావచ్చు, జూనియర్లకి పాఠం చెప్పడం కావచ్చు. జవాబు ఎటు వచ్చినా ఆ ఆరు నెలలు రెజ్యూమేలో ఖాళీగా కనిపించవు. మద్రాసు మెడికల్ సర్వీస్ కాదన్నప్పుడు సుబ్బారావు అనాటమీ పాఠాలు చెప్పారు. హార్వర్డ్ పర్మనెంట్ చేయనప్పుడు ల్యాబు మారారు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతుల్లో ఉన్నా, రేపు పొద్దున ఏం పని చేయాలన్నది మాత్రం ఆయన ఎవరికీ వదల్లేదు.