అంకె చెప్తే సరిపోదు: ఆర్థర్ నీల్సన్ నేర్పిన రిపోర్టు పాఠం

మీ వీధిలో ఉన్న మెడికల్ షాపుకెళ్లి, గత రెండు నెలల్లో ఫలానా టూత్‌పేస్టు ఎన్ని అమ్ముడయ్యాయని అడిగి చూడండి. బాగానే పోతోందని చెప్తాడు షాపాయన. ఎన్ని అని గుచ్చి అడిగితే కాస్త ఆలోచించి ఓ అంకె చెప్తాడు. అందులో అబద్ధమేమీ లేదు. తనకు గుర్తున్నది చెప్తున్నాడు, అంతే. అదే అంకెను మీరు రిపోర్టులో రాసి, ఆ టూత్‌పేస్టు కంపెనీ మేనేజర్ ముందు పెట్టారనుకోండి. దాన్ని నమ్మి ఆయన ఉత్పత్తి పెంచితే? సరుకు గోడౌన్లలో పేరుకుపోతే? అప్పుడు తప్పు షాపాయనది కాదు, మీది.

ఈ చిక్కుకు 1933లో ఒక దారి కనిపెట్టిన మనిషి ఆర్థర్ చార్లెస్ నీల్సన్. టీవీ రేటింగ్స్ మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ వినిపించే పేరు ఆయనదే. బీబీఏ, ఎంబీఏ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివి మార్కెట్ రీసెర్చ్ ఉద్యోగాల వైపు చూస్తున్నవాళ్లు ఆయన కథ తెలుసుకోవాలి. ఈ రంగంలో మీ ఉద్యోగం డేటా సేకరణతో మొదలవ్వొచ్చు. కానీ మీకు పేరొచ్చేదీ, పోయేదీ క్లయింటు ముందు రిపోర్టు పెట్టే రోజునే.

ఇంజినీరు సర్వేల బాట పట్టాడు

నీల్సన్ 1897 సెప్టెంబరు 5న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. తండ్రి డెన్మార్క్ నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు, అకౌంట్స్ పనిలో ఉండేవాడు. లెక్క సరిచూసుకునే అలవాటు ఆ ఇంట్లోనే అబ్బిందనుకోవచ్చు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1918లో పట్టా తీసుకున్నాడు. చదువులో ముందు వరసలో ఉంటూనే కాలేజీ టెన్నిస్ జట్టుకు కెప్టెన్‌గా ఆడాడు.

కొన్నాళ్లు ఉద్యోగాలు చేసి, 1923లో సొంత కంపెనీ పెట్టాడు. పెట్టుబడి 45 వేల డాలర్లు. కాలేజీ స్నేహితుల దగ్గర తెచ్చిన డబ్బు అది. మొదట్లో చేసిన పని మనకు కాస్త వింతగా ఉంటుంది. ఒక కంపెనీ యంత్రాలు తయారు చేసి అమ్ముతుంది. నీల్సన్ మనుషులు ఆ యంత్రాలు వాడుతున్న ఫ్యాక్టరీలకు వెళ్లి అవి ఎలా పనిచేస్తున్నాయో కనుక్కుంటారు. తెలిసిందంతా రిపోర్టుగా రాసి, యంత్రాలు తయారు చేసిన కంపెనీకి ఇస్తారు. ఇంజినీరింగ్ చదివినవాడికి సరిపోయిన పనే.

అయితే ఈ పనిలో ఒక ఇబ్బంది ఉంది. సర్వే అయిపోయిందంటే ఆదాయం కూడా అయిపోయినట్టే. మళ్లీ ఇంకో క్లయింటును వెతుక్కోవాలి. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలి మహామాంద్యం మొదలైంది. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ఏ కంపెనీ అయినా ముందు సర్వేలే ఆపుతుంది కదా. 1930ల మొదట్లో నీల్సన్ కంపెనీ మూతపడే దాకా వచ్చింది.

షాపు అరలోనే దొరికిన జవాబు

అప్పుడు ఆయన దారి మార్చాడు. ఫ్యాక్టరీ యంత్రాలను వదిలి, మందుల షాపుల్లో అమ్మే సరుకుల మీద దృష్టి పెట్టాడు. మాంద్యం వచ్చినా జనం మాత్రలు, పేస్టులు, సబ్బులు కొనడం మానరు. 1933లో డ్రగ్ ఇండెక్స్ పేరుతో కొత్త సర్వీసు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది కిరాణా సరుకులకూ దాన్ని విస్తరించాడు. ఇది ఒక్కసారితో అయిపోయే సర్వే కాదు. ఎంపిక చేసిన షాపులకు ఆయన మనుషులు రెండు నెలలకోసారి వెళ్లి లెక్క తీస్తారు. క్లయింట్లు చందా కట్టి ఆ రిపోర్టు తెప్పించుకుంటారు.

పద్ధతి చాలా సులువు. షాపాయన జ్ఞాపకాన్ని అడగక్కర్లేదు. రెండు నెలల కిందట షాపులో ఉన్న సరుకుకు, ఈ రెండు నెలల్లో కొన్న సరుకును బిల్లులు చూసి కలపాలి. అందులోంచి ఇవాళ అరల్లో మిగిలింది తీసెయ్యాలి. వచ్చిందే అమ్మకం. కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన లెక్కే. నీల్సన్ గొప్పతనం ఏంటంటే, దాన్ని చాలా షాపుల్లో, ఒకే తీరుగా, గడువు తప్పకుండా చేయించి, ఆ ఫలితాన్ని తయారీదారు చేతిలో పెట్టడం.

తయారీదారుకు తన ఫ్యాక్టరీ గేటు దాటిన సరుకు లెక్క తెలుసు. ఆ తర్వాత అది జనం ఇళ్లకు చేరిందా, షాపు అరల్లోనే కూర్చుందా అన్నది మాత్రం తెలీదు. ఆ ఖాళీని పూరించడమే నీల్సన్ రిపోర్టు పని.

మూడు అంకెలు, మూడు కథలు

ఇక్కడ కాస్త ఆగి ఓ లెక్క చేద్దాం. అంకెలు ఊహించినవే. ఒక సబ్బుల కంపెనీ ఈ రెండు నెలల్లో షాపులకు 12,000 సబ్బులు పంపింది. అంతకు ముందు రెండు నెలల్లో జనం కొన్నవి 10,000. గేటు దగ్గర నిలబడి చూస్తే వ్యాపారం పెరిగినట్టే ఉంది. మేనేజర్ సంతోషంగా ఉన్నాడు.

ఇప్పుడు షాపుల్లోకి వెళ్దాం. మొదట ఉన్న నిల్వ 5,000. కొత్తగా వచ్చినవి 12,000. చివర్లో మిగిలినవి 9,000. అంటే అమ్మింది 8,000 మాత్రమే. పెరగడం మాట అటుంచి, అమ్మకాలు 20 శాతం పడిపోయాయి. మేనేజర్ ముఖం వాడిపోయింది.

ఇంకో అడుగు వేద్దాం. అన్ని కంపెనీల సబ్బులూ కలిపి చూస్తే, ముందు రెండు నెలల్లో 1,00,000 అమ్ముడయ్యాయి. ఈసారి 64,000 మాత్రమే. మొత్తం మార్కెట్టే కుంగింది. అందులో మన కంపెనీ వాటా 10 శాతం నుంచి 12.5 శాతానికి పెరిగింది. అంటే జనం సబ్బులు తక్కువగా కొంటున్నారు, కానీ కొనేవాళ్లలో మన సబ్బు వైపు మొగ్గేవాళ్లు ఎక్కువయ్యారు.

చూశారా? ఒకటే కంపెనీ, అవే రెండు నెలలు. మొదటి అంకె పెరిగిందంటుంది. రెండోది పడిపోయిందంటుంది. మూడోది పోటీలో గెలుస్తున్నావంటుంది. మూడూ నిజమే. ఏ ఒక్కటే చెప్పినా క్లయింటు తప్పుదారి పడతాడు. మార్కెట్ వాటా అనే ఈ కొలమానాన్ని వ్యాపారంలో రోజువారీ మాటగా మార్చిన ఘనత నీల్సన్‌కే దక్కుతుంది. మాంద్యం రోజుల్లో దాని విలువ ఊహించుకోండి. అందరి అమ్మకాలూ పడిపోతున్నప్పుడు, తప్పు తన సరుకులో ఉందా, కాలంలో ఉందా అన్నది ప్రతి తయారీదారుకూ తెలియాలి.

రిపోర్టు మొదటి పేజీలో ఏముండాలి?

రిపోర్టు పోస్టులో పంపేసి ఊరుకోకుండా, మనిషి వెళ్లి క్లయింటుతో కూర్చుని వివరించడం నీల్సన్ కంపెనీ పద్ధతి. అది ఎందుకు అవసరమో పై లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది. టేబుల్ ఒక్కటీ ఇచ్చి వచ్చేస్తే మేనేజర్ తనకు నచ్చిన అంకె తీసుకుంటాడు.

మన సబ్బుల కంపెనీకి మీరే రిపోర్టు ఇవ్వాల్సి వస్తే ఎలా మొదలుపెడతారు? చాలామంది ఫ్రెషర్లు సర్వే ఎలా చేశామో, ఎన్ని ఊళ్లు తిరిగామో చెప్తూ పది స్లయిడ్లు గడిపేస్తారు. మీరు పడిన కష్టం మీకు ముఖ్యం. క్లయింటుకు కావాల్సింది రేపు పొద్దున తను ఏం చెయ్యాలన్నది. అందుకే మొదటి పేజీలో మూడు ముక్కలు పెట్టండి. క్లయింటు అడిగిన ప్రశ్న, దానికి మీ జవాబు, ఆ జవాబును బట్టి చెయ్యాల్సిన పని.

ఇక్కడ జవాబు ఏంటి? అమ్మకాలు తగ్గాయి, వాటా పెరిగింది, షాపుల్లో నిల్వ పేరుకుంది. మరి పని? నెలకు 4,000 అమ్ముడవుతుంటే, 9,000 నిల్వ రెండు నెలలకు పైగా సరిపోతుంది. కాబట్టి ఇంకా సరుకు తోయొద్దు, ముందు ఉన్నది కదలనివ్వండి. సబ్బు నాణ్యత మీద అనుమానంతో ఫార్ములా మార్చొద్దు, సేల్స్ మనుషుల్ని తీసెయ్యొద్దు. ఇంత స్పష్టంగా రాస్తేనే అది రిపోర్టు. లేకపోతే బైండు చేసిన అంకెల కట్ట.

చేదు వార్తను 40వ పేజీలో దాచకండి. ముందే చెప్పండి, వెంటనే కారణం చెప్పండి. అంకె ఒంటరిగా ఎప్పుడూ వద్దు. దేనితో పోలిస్తే పెరిగిందో, దేనితో పోలిస్తే తగ్గిందో పక్కనే ఉండాలి. సర్వే పద్ధతి, ఎన్ని షాపులు, ఏ తేదీలు, ఎవరిని కలవలేకపోయారు అన్నవి వెనక పేజీల్లో పెట్టండి. అయితే పూర్తిగా వదిలెయ్యకండి. ఎందుకో చెప్పడానికి నీల్సన్ జీవితంలోనే ఓ ఘట్టం ఉంది.

అంచనాను అంచనా అనే చెప్పాలి

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇద్దరు ప్రొఫెసర్లు రేడియో ఏ స్టేషన్ మీద ఉందో నమోదు చేసే పరికరం ఒకటి తయారు చేశారు. 1936లో నీల్సన్ దాన్ని కొన్నాడు. ఆడిమీటర్ అని దాని పేరు. దాన్ని మెరుగుపరచడానికి ఏళ్లూ, డబ్బూ ఖర్చయ్యాయి. 1942లో గానీ రేడియో రేటింగ్ సర్వీసు మొదలవలేదు. 1950లో టీవీ వంతు వచ్చింది. ఇక్కడా ఆయన పట్టుదల ఒకటే. ఏం విన్నారని మనుషుల్ని అడిగితే జ్ఞాపకం చెప్తారు, యంత్రం జరిగింది చెప్తుంది.

ఆ యంత్రానికీ ఓ హద్దు ఉంది. టీవీ ఆన్‌లో ఉందని దానికి తెలుసు. ముందు ఎవరైనా కూర్చున్నారో, వంటింట్లో పనిలో ఉన్నారో తెలీదు. పైగా కొద్ది ఇళ్ల లెక్కతో దేశం మొత్తం గురించి చెప్పాలి. ఆ అంకెల మీదే ప్రోగ్రాములు బతికేవి, ఆగిపోయేవి. 1963లో అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ రేటింగ్ కంపెనీలను పిలిచి గట్టిగా నిలదీసింది. నీల్సన్ కంపెనీ కూడా అందులో ఉంది. ఇవి కచ్చితమైన లెక్కలు కావు, అంచనాలు అన్న సంగతి స్పష్టంగా చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. తర్వాత రేటింగ్ పద్ధతుల్ని తనిఖీ చేయడానికి ప్రసార రంగం ఒక మండలినే ఏర్పాటు చేసుకుంది.

కొలతనే నమ్ముకుని బతికిన మనిషి కంపెనీకే ఆ పరీక్ష తప్పలేదు. మరి మన సంగతేంటి? మీ కాలేజీ ప్రాజెక్టులో 60 మంది ఫ్రెండ్స్‌తో గూగుల్ ఫామ్ నింపించి, తెలుగు యువత అంతా ఇలా అనుకుంటోందని రాశారా? వైవాలో ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అదే ఆ 60 మంది ఎవరో, వాళ్ల మాట ఎంతవరకు వర్తిస్తుందో మీరే ముందుగా రాస్తే, మీ మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది. తెలియని ప్రశ్న వస్తే కనుక్కుని రెండు రోజుల్లో చెప్తానని ఒప్పుకోండి, చెప్పిన రోజుకు చెప్పండి. అప్పటికప్పుడు అల్లిన అంకె ఎప్పటికైనా బయటపడుతుంది.

చివరి సెట్ దాకా

విమర్శలు వచ్చినా ఆయన కొలిచే పని మానలేదు. వ్యాపారం కొడుక్కు అప్పజెప్పినా దాని బాగోగులు చూస్తూనే ఉన్నాడు. టెన్నిస్ కూడా వదల్లేదు. కొడుకుతో కలిసి అమెరికా తండ్రీకొడుకుల డబుల్స్ టైటిల్ గెలిచాడు. తాను చదివిన యూనివర్సిటీకి టెన్నిస్ స్టేడియం కట్టడానికి విరాళమిచ్చాడు. 1971లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1980 జూన్ 1న షికాగోలోనే కన్నుమూశాడు.

ఈ ఉద్యోగాలకు ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒక పని చేయండి. తెలిసిన షాపాయన అనుమతి తీసుకుని, ఒక్క వస్తువు లెక్క నెల మొదట్లో, నెల చివర్లో నీల్సన్ పద్ధతిలో తీయండి. ఆయన నోటితో చెప్పిన అంకెను పక్కన పెట్టి పోల్చండి. తేడా ఎంతో, ఎందుకో, దాన్ని బట్టి ఆ షాపాయన వచ్చే నెల ఏం చెయ్యాలో ఒక్క పేజీలో రాసి, ముందు ఆయనకే వివరించండి. ఆయనకు అర్థమై, సరుకు ఆర్డరు మార్చుకున్నాడా? అయితే మీరు మొదటి క్లయింటుకు మొదటి రిపోర్టు ఇచ్చేసినట్టే. ఆ పేజీని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.